మూగ పిశాచికి గొంతిచ్చినాయన

రాత్రి పన్నెండింటికి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని హారర్ సినిమా చూస్తున్నారనుకోండి. తలుపు నెమ్మదిగా తెరుచుకుంటోంది. మీ గుండె దడదడలాడుతోంది. సరిగ్గా అప్పుడు సౌండ్ మ్యూట్ చేసి, అదే సీన్ మళ్లీ చూడండి. తలుపు తెరుచుకుంటుంది, అంతే. ఇందాకటి భయం ఏమైపోయింది?

మిమ్మల్ని వణికించింది తలుపు కాదు, దాని వెనక మోగిన సంగీతం. మరి అసలు శబ్దమే లేని మూకీ సినిమా అయితే? అదీ 75 ఏళ్ల కిందటిది, దాని మొదటి సంగీతం చాలావరకు పోయింది, చూసినవాళ్లంతా గొప్పదని ఒప్పుకొన్నది. దానికి కొత్తగా సంగీతం కట్టమని మిమ్మల్ని పిలిస్తే ఎక్కడ మొదలుపెడతారు?

ఆ పని డెబ్బై దాటిన ఒక పెద్దాయన చేశారు. పేరు జేమ్స్ బెర్నార్డ్. పేరు మీకు కొత్త కావచ్చు గానీ, హారర్ సినిమా అభిమానులు ఆయన సంగీతాన్ని నాలుగు సెకన్లలో గుర్తుపడతారు. మ్యూజిక్, సౌండ్ రంగాల్లోకి వెళ్లాలనుకునేవాళ్లకు ఆయన జీవితం మంచి పాఠం. ఎందుకంటే అందులో తొందరగా వచ్చిన అవార్డు ఉంది, కొన్నేళ్ల ఖాళీ ఉంది, ఆలస్యంగా తలుపు తట్టిన పెద్ద పని కూడా ఉంది.

కొండల్లో పుట్టి.. నోట్స్ ఎత్తిరాసి..

బెర్నార్డ్ పుట్టింది 1925 సెప్టెంబరు 20న, నాథియా గలీలో. హిమాలయాల పాదాల దగ్గర చల్లటి కొండ ఊరు. అప్పుడది బ్రిటిష్ ఇండియాలో ఉండేది, ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉంది. తండ్రి సైన్యంలో అధికారి. కుర్రాడిని చదువుకు ఇంగ్లండ్ పంపారు. అక్కడ వెల్లింగ్టన్ కాలేజ్ అనే స్కూల్లో చేరాడు. తర్వాతి కాలంలో డ్రాక్యులాగా ప్రపంచాన్ని భయపెట్టిన నటుడు క్రిస్టఫర్ లీ కూడా అదే స్కూల్ విద్యార్థి!

ఆ స్కూల్లో ఆర్ట్ మాస్టారు కెన్నెత్ గ్రీన్. ఆయన్ని కలవడానికి ఒక యువ సంగీతకారుడు వచ్చేవారు. ఆయనే బెంజమిన్ బ్రిటెన్. తర్వాత ఇంగ్లండ్‌లోనే పేరెన్నికగన్న స్వరకర్త అయ్యారు. ఆయన ఒపెరా ‘పీటర్ గ్రైమ్స్’కు సెట్లు గీసింది ఈ ఆర్ట్ మాస్టారే. సంగీతం మీద పిచ్చి ఉన్న కుర్రాడికి అలా బ్రిటెన్‌తో పరిచయం దొరికింది. ఆ పరిచయాన్ని కుర్రాడు వదల్లేదు.

స్కూలు అయిపోయేసరికి రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. 1943 నుంచి 1946 వరకు బెర్నార్డ్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశారు. జపాన్ రహస్య సంకేతాలను ఛేదించే బృందంలో ఆయన ఒకరు. యుద్ధం ముగిశాక రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరి, హెర్బర్ట్ హావెల్స్ దగ్గర స్వరరచన నేర్చుకున్నారు.

చదువు పూర్తయింది. ఇక సొంత సంగీతం చేయడమే తరువాయి అనుకుంటాం కదా. కానీ బెర్నార్డ్ చేసిన మొదటి పెద్ద పని, ఇంకొకరి సంగీతాన్ని ఎత్తిరాయడం. బ్రిటెన్ అప్పుడు ‘బిల్లీ బడ్’ ఒపెరా రాస్తున్నారు. 1951 డిసెంబరులో అది తొలిసారి ప్రదర్శనకు వచ్చింది. దాని రాతప్రతిని శుభ్రంగా ఎత్తిరాసే పనిలో బెర్నార్డ్ సాయం చేశారు.

ఇది గుమస్తా పనిలా కనిపిస్తుంది. నిజానికి సంగీతంలో ఇంతకంటే మంచి అప్రెంటిస్‌షిప్ దొరకదు. ఏ వాద్యం ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, గాయకుడు పాడేటప్పుడు ఆర్కెస్ట్రా ఎంత తగ్గాలి.. ఇవన్నీ వినడం వేరు, ఒక్కో నోట్ చేత్తో రాయడం వేరు. మంచి ప్రోగ్రామర్ రాసిన కోడ్‌ను లైన్ లైన్ చదివితే మీకేం తెలుస్తుందో, ఆయనకూ అదే తెలిసింది.

ఆస్కార్ వచ్చింది.. సంగీతానికి కాదు!

ఇక్కడో వింత జరిగింది. బెర్నార్డ్‌కు జీవిత సహచరుడు, సినీ విమర్శకుడు పాల్ డేన్. ఇద్దరూ కలిసి ఒక కథ అల్లారు. అణుబాంబుల తయారీ ఆపకపోతే లండన్‌ను పేల్చేస్తానని బెదిరించే శాస్త్రవేత్త కథ అది. 1950లో ‘సెవెన్ డేస్ టు నూన్’ పేరుతో సినిమాగా వచ్చింది. 1952 ఆస్కార్ వేడుకలో ఉత్తమ సినిమా కథ అవార్డు ఈ ఇద్దరికీ దక్కింది. అప్పటికి బెర్నార్డ్ వయసు 26.

మీరైతే ఏం చేసేవారు? ఆస్కార్ చేతిలో ఉంది కాబట్టి కథలే రాసుకుంటూ వెళ్లేవారేమో. డేన్ ఆ దారిలోనే వెళ్లారు. ‘గోల్డ్‌ఫింగర్’ లాంటి సినిమాలకు స్క్రీన్‌ప్లేలు రాశారు. బెర్నార్డ్ మాత్రం సంగీతం దగ్గరికే తిరిగొచ్చారు. అప్పటికి ఆయన సినిమాకు ఒక్క నోట్ కూడా రాయలేదు. బీబీసీ రేడియో నాటకాలకు సంగీతం చేస్తున్నారు. తర్వాత కూడా సంగీతానికి ఆయనకు ఆస్కార్ నామినేషన్ ఒక్కసారీ రాలేదు. అయినా ఆయన్ని జనం గుర్తుపెట్టుకున్నది ఆ అవార్డు వల్ల కాదు, సంగీతం వల్లే.

తీగలు, తాళాలు.. అంతే

1955లో హ్యామర్ అనే చిన్న బ్రిటిష్ సినిమా కంపెనీ ‘ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’ తీసింది. రోదసిలోకి వెళ్లొచ్చిన ఒక మనిషి మెల్లగా వేరే జీవిగా మారిపోయే కథ. సంగీతం చేయాల్సినాయన జబ్బుపడ్డారు. హ్యామర్‌కు సంగీతం చూసే కండక్టర్ జాన్ హాలింగ్స్‌వర్త్‌కు రేడియో నాటకం ద్వారా బెర్నార్డ్ పని తెలుసు. ఈయన్ని తీసుకోండని ఆయనే చెప్పారు.

అవకాశమైతే వచ్చింది, డబ్బుల్లేవు. పెద్ద ఆర్కెస్ట్రా కుదరదు. చేతిలో ఉన్నవి వయొలిన్ కుటుంబం తీగవాద్యాలు, కొన్ని తాళవాద్యాలు. బెర్నార్డ్ దాన్ని లోటుగా చూడలేదు. పక్కపక్క స్వరాలను ఒకేసారి మోగించి, ఒకదాన్నొకటి గీరుకునేలా చేశారు. వినేవాళ్లకు ఒంటి మీద చీమలు పాకినట్టుండే శబ్దం పుట్టింది. ఒట్టి తీగవాద్యాలతోనే భయపెట్టిన సినిమా అంటే అందరూ హిచ్‌కాక్ ‘సైకో’నే చెబుతారు. అది వచ్చింది 1960లో. బెర్నార్డ్ పని దానికి ఐదేళ్ల ముందుది.

తర్వాత 1957లో ‘ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’. 1958లో ‘డ్రాక్యులా’. క్రిస్టఫర్ లీ, పీటర్ కుషింగ్ నటించిన ఈ సినిమాతో హ్యామర్ పేరు దేశాలు దాటింది. బెర్నార్డ్ పేరు కూడా.

ఆయన కిటుకు వింటే ఇంతేనా అనిపిస్తుంది. మనదగ్గర బాణీ ఇస్తే కవి మాటలు కూరుస్తాడు కదా. ఈయన సినిమా పేరునే తీసుకుని దానికి బాణీ కట్టేవారు. డ్రా-క్యు-లా. మూడు అక్షరాలు, మూడు స్వరాలు. సినిమాలో ఆ పేరును ఎవరూ పాడరు. వాద్యాలే పలుకుతాయి. అయినా వినేవాళ్ల చెవిలో ఆ పేరే మోగుతుంది. ‘టేస్ట్ ద బ్లడ్ ఆఫ్ డ్రాక్యులా’ లాంటి పొడుగు పేర్లున్న సినిమాలకూ పేరులోని నడకే ఆయనకు దారి చూపేది.

ఇంకో అలవాటు కూడా చెప్పుకోవాలి. చెడుకు ఒక బాణీ, ప్రేమకు, మంచికి ఇంకో బాణీ పెట్టేవారు. సినిమా నడిచే కొద్దీ ఆ రెండూ తలపడతాయి. తెర మీద మనుషులు గెలిచారో ఓడారో చూడకుండానే చెప్పేయొచ్చు. పని పద్ధతి కూడా పక్కాగా ఉండేది. సినిమా చూసి, ఎక్కడ సంగీతం కావాలో, ఎక్కడ వద్దో ముందే తేల్చుకునేవారు. ఎడిటింగ్ గది నుంచి ఏ సెకనులో ఏం జరుగుతుందో రాసిన షీట్లు వచ్చేవి. వాటిని పక్కన పెట్టుకుని, పియానో ముందు స్టాప్‌వాచ్‌తో కూర్చునేవారు. చాలామంది స్వరకర్తలు బాణీ రాసి, వాద్యాలకు పంచే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. బెర్నార్డ్ అదీ తానే చేసుకునేవారు.

ఫోన్ మోగని రోజులు

ఒకే రకం పని బాగా చేస్తే ఒక ముద్ర పడుతుంది. 1957లో ‘అక్రాస్ ద బ్రిడ్జ్’, ‘విండమ్స్ వే’ లాంటి వేరే తరహా సినిమాలకూ ఆయన సంగీతం ఇచ్చారు. కానీ డ్రాక్యులా తర్వాత ఆయన్ని పిలిచినవాళ్లలో ఎక్కువమంది దెయ్యాల కోసమే పిలిచారు. ఆ ముద్ర పని ఇచ్చింది. ఆ పని ఆగిపోయినప్పుడు వేరే తలుపు తెరుచుకోకుండానూ చేసింది.

1970ల్లో హారర్ సినిమా మారిపోయింది. 1978లో ‘హాలోవీన్’ దర్శకుడు జాన్ కార్పెంటర్ సింథసైజర్ మీద తానే సంగీతం కట్టేశాడు. కోటలు, గుర్రపు బండ్లు, నల్ల కోటులు పాతబడ్డాయి. 1974లో హాంకాంగ్ వాళ్లతో కలిసి తీసిన ‘ద లెజెండ్ ఆఫ్ ద సెవెన్ గోల్డెన్ వాంపైర్స్’ తర్వాత హ్యామర్‌లో రక్తపిశాచాల సినిమాలు ఆగిపోయాయి. 1976లో పాల్ డేన్ చనిపోయారు. పనీ లేదు, తోడూ లేదు. ఆ తర్వాత బెర్నార్డ్ లండన్ వదిలి జమైకా వెళ్లి స్థిరపడ్డారు. 1980లో హ్యామర్ టీవీ సిరీస్‌కు కొంత సంగీతం చేయడం తప్ప, ఆ ఏళ్లలో చెప్పుకోదగ్గ సినిమా ఏదీ లేదు. ఇరవై ఏళ్లు శ్రమించి సాధించిన విద్య అడిగేవాళ్లు లేక మూలన పడిందన్నమాట.

ఆయన 1990ల్లో లండన్ తిరిగొచ్చారు. అప్పుడు వచ్చింది అసలు పిలుపు.

కోర్టు చంపమన్న సినిమా

ఆ పిలుపు విలువ తెలియాలంటే ముందు సినిమా కథ తెలియాలి. 1922లో జర్మనీలో ఎఫ్.డబ్ల్యు. మూర్నావ్ దర్శకత్వంలో ‘నోస్ఫెరాటు’ వచ్చింది. ఉపశీర్షికలోనే దాన్ని భయానక సింఫనీ అని పిలుచుకున్నారు. నిజానికది బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాక్యులా’నే. హక్కులు కొనకుండా పేర్లు మార్చి తీసేశారు. డ్రాక్యులా కాస్తా కౌంట్ ఓర్లాక్ అయ్యాడు. ఎండ తగిలితే రక్తపిశాచి నాశనమవుతుందన్న నమ్మకం నవలలో లేదు, ఈ సినిమానే పుట్టించింది.

స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ ఊరుకోలేదు. కేసు వేశారు. 1925లో కోర్టు ప్రింట్లన్నీ నాశనం చేయమంది. సినిమా తీసిన కంపెనీ అప్పటికే దివాలా తీసింది. కానీ కొన్ని ప్రింట్లు ఇతర దేశాలకు వెళ్లిపోయి బతికాయి. బొమ్మ బతికింది గానీ సంగీతం మిగల్లేదు. తొలి ప్రదర్శనకు హాన్స్ ఎర్డ్‌మన్ కట్టిన స్వరాల్లో చాలా భాగం కనిపించకుండా పోయింది. సింఫనీ అని పేరు పెట్టుకున్న సినిమాకు సింఫనీయే లేకుండా పోయింది. దొరికిన ముక్కలను అతికి, మిగతాది ఊహించి ఎర్డ్‌మన్ సంగీతాన్ని నిలబెట్టే ప్రయత్నాలు కొందరు చేశారు. ఇంకో దారి, పూర్తిగా కొత్త సంగీతం కట్టడం.

లండన్‌లో కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ పాత మూకీలను బాగుచేసి, ఆర్కెస్ట్రా సంగీతంతో మళ్లీ జనం ముందుకు తెస్తున్నారు. ‘నోస్ఫెరాటు’కు వాళ్లు ఎంచుకున్నది బెర్నార్డ్‌ను. 1958లో డ్రాక్యులాకు బాణీ కట్టిన మనిషి, దాదాపు నలభై ఏళ్ల తర్వాత అదే కథ మొదటి రూపం ముందు కూర్చున్నారు.

మూకీకి సంగీతం ఎందుకు కష్టం?

మామూలు సినిమాలో స్వరకర్తకు సాయం చాలా ఉంటుంది. డైలాగులు ఉన్నప్పుడు సంగీతం పక్కకు తప్పుకోవచ్చు. గాలి, అడుగుల చప్పుడు, కుక్క అరుపు సౌండ్ డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది. మూకీలో ఇవేవీ లేవు. దాదాపు గంటన్నర పాటు సంగీతం ఒక్కటే మోయాలి. గుర్రాల డెక్కలూ అదే, మనుషుల మాటలూ అదే, నిశ్శబ్దమూ అదే.

రెండో చిక్కు మోతాదు. ప్రతి కదలికకూ ఒక శబ్దం పెడితే కార్టూన్ అయిపోతుంది. ఏదీ పట్టించుకోకుండా వాయిస్తే బొమ్మకూ సంగీతానికీ పొత్తు కుదరదు. సినిమా చివర్లో ఓర్లాక్ నీడ మెట్లెక్కే షాట్ గుర్తు తెచ్చుకోండి. వంగిన వీపు, పొడుగు వేళ్లు, గోడ మీద నీడ. అక్కడ ఆర్కెస్ట్రా అంతా విరుచుకుపడాలా? ఒక్క వయొలిన్ సన్నగా మోగాలా? అసలు ఏదీ మోగకూడదా? మూడూ సాధ్యమే. ఏది ఎంచుకుంటే సినిమా ఆ దారి పడుతుంది.

మూడో చిక్కు కాలం. 1922లో రాసినట్టు నటిస్తే నకిలీ అంటారు. సింథసైజర్లు, డ్రమ్స్ తెస్తే బొమ్మ ఒక దారి, సంగీతం ఒక దారి. బెర్నార్డ్ ఈ రెండూ చేయలేదు. తనకు తెలిసిన భాషలోనే రాశారు. పెద్ద ఆర్కెస్ట్రా, పిశాచి అడుగుపెట్టినప్పుడల్లా ఒరుసుకునే స్వరాలు, భర్తనూ ఊరినీ కాపాడుకోవడానికి తన ప్రాణం ఇచ్చే ఎలెన్ దగ్గరికి వచ్చేసరికి మెత్తబడే తీగలు. హ్యామర్‌లో పాతబడిందన్న శైలే ఇక్కడ సరిగ్గా అతికింది. ఎందుకంటే మూర్నావ్ సినిమా కూడా గుసగుసగా మాట్లాడదు. నీడలతో, చేతులతో, పెద్ద కళ్లతో మాట్లాడుతుంది. దానికి సిగ్గుపడని సంగీతం కావాలి.

అలా ‘నోస్ఫెరాటు’ 1997లో కొత్త సంగీతంతో వచ్చింది. సిటీ ఆఫ్ ప్రాగ్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా, నిక్ రెయిన్ కండక్టర్‌గా ఆ సంగీతాన్ని రికార్డు చేసింది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ విడుదల చేసిన డిస్కుల్లో ఈ సినిమాకు బెర్నార్డ్ సంగీతమే వినిపిస్తుంది. తర్వాతి ఏడాది, పాత హాలీవుడ్ హారర్ మీద బ్రౌన్‌లో తీసిన డాక్యుమెంటరీ ‘యూనివర్సల్ హారర్’కూ ఆయనే సంగీతం ఇచ్చారు. 2001 జులై 12న, 75 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

లెక్క వేసి చూడండి. 26 ఏళ్లకు ఆస్కార్. 30 నిండకముందే మొదటి సినిమా. యాభై వచ్చేసరికి పని దాదాపు ఆగిపోయింది. డెబ్బై దాటాక గంటన్నర సింఫనీ. ఎత్తిరాసిన రోజుల్లో నేర్చింది, తీగవాద్యాలతోనే సరిపెట్టుకున్న రోజుల్లో నేర్చింది, పేర్లకు బాణీలు కట్టి నేర్చింది.. ఇన్నేళ్ల సరుకూ ఒకే సినిమాలో పనికొచ్చింది. మధ్యలో ఖాళీగా ఉన్న ఏళ్లలో, ఇలాంటి పిలుపు ఒకటి వస్తుందని ఆయనకు చెప్పినవాళ్లెవరూ లేరు.

మీరూ చేసి చూడండి

బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ చేయాలన్న కోరిక ఉంటే, పెద్ద స్టూడియో కోసం ఎదురుచూడక్కర్లేదు. ల్యాప్‌టాప్, ఒక కీబోర్డు చాలు.

• ఏదైనా మూకీ నుంచి మూడు నిమిషాల సీన్ తీసుకోండి. సౌండ్ లేకుండా కనీసం పదిసార్లు చూడండి. ఏ సెకనులో ఏం జరుగుతోందో కాగితం మీద రాయండి.

• వాద్యాలు మూడుకు మించొద్దు. సాఫ్ట్‌వేర్‌లో వంద శబ్దాలుంటాయి, తాకొద్దు. బెర్నార్డ్ శైలి పుట్టింది తక్కువలోనే.

• పాత్ర పేరు పైకి పలకండి. నోస్-ఫె-రా-టు. ఎక్కడ నొక్కుతున్నారు, ఎక్కడ సాగదీస్తున్నారు? ఆ నడకకే నాలుగు స్వరాలు పెట్టండి. నచ్చకపోతే మార్చండి.

• ఎక్కడ సంగీతం ఆపాలో ముందే నిర్ణయించుకోండి. భయం చాలాసార్లు ఆ ఆగినచోటే ఉంటుంది.

• పూర్తయ్యాక సినిమా గురించి తెలియని స్నేహితుడికి చూపించండి. మీరేమీ చెప్పొద్దు. అతని మొహం చూడండి, చాలు.

ఒక జాగ్రత్త. సినిమా పాతదైనా, కొత్తగా బాగుచేసిన ప్రింట్లకు, వాటికి చేసిన సంగీతానికి వేరే హక్కులుంటాయి. ఇంటర్నెట్‌లో పెట్టేముందు అవి ఎవరివో చూసుకోండి. హక్కులు పట్టించుకోకపోతే ఏమవుతుందో ‘నోస్ఫెరాటు’ తీసినవాళ్లకు బాగా తెలుసు!

దీన్నే చదువుగా తీసుకోవాలంటే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లలో సౌండ్ కోర్సులున్నాయి. స్వరరచనకు చెన్నైలో ఏఆర్ రెహమాన్ స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది. ఎక్కడ చేరినా మొదట్లో ఇంకొకరి నోట్స్ ఎత్తిరాసే పని మీకూ ఇవ్వొచ్చు. విసుక్కోకుండా రాయండి.